దండోరా వేసినవాళ్ల మాట రూల్లో ఎక్కడ?

(ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డ్యూటీ దిగి ఇటే వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, ఇంటి పని ముగించుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, హిజ్లీ నుంచి సైకిళ్ల మీద వచ్చిన విద్యార్థులకు, మా ముందు తరం పెద్దలకు జై భీమ్. నింపురా, మథురాకాఠీ, గోల్‌బజార్ వాళ్లు అందరూ ఒకచోట కూర్చోవడమే నాకు సంతోషం.

ఈరోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే 'ఇది మనకెందుకు' అనిపించవచ్చు. ప్రభుత్వం రూల్స్ ఎలా తయారుచేస్తుంది, అందులో జనం మాటకు చోటెంత, ఫోనూ ఇంటర్నెట్టూ వచ్చాక ఆ చోటు పెరిగిందా తగ్గిందా అన్నదే ఆ విషయం.

చట్టం పార్లమెంటులో చేస్తారు, దాని మీద టీవీలో గొడవ నడుస్తుంది. కానీ మన బతుకును నేరుగా పట్టుకునేది చాలాసార్లు ఆ చట్టం కింద వచ్చే రూలు. స్కాలర్‌షిప్‌కి ఏ కాగితం పెట్టాలి, కుల ధ్రువపత్రం ఎవరివ్వాలి, ఓవర్‌టైమ్ ఎలా లెక్కేయాలి, కాలేజీలో కులం పేరుతో అవమానిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎన్ని రోజుల్లో విచారించాలి, ఇవన్నీ రూల్స్‌లోనే ఉంటాయి. వాటికి ఓట్లుండవు, ఎన్నికలుండవు. ఆఫీసులో రాస్తారు, గెజిట్‌లో వేస్తారు.

అయితే మధ్యలో ఒక మెట్టు ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఏదైనా చట్టం 'ముందుగా ప్రచురించి రూల్స్ చేయాలి' అని చెబితే, ముసాయిదాను బయటపెట్టాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. 2014లో కేంద్రం ఇంకో విధానం తెచ్చింది. చట్టమైనా రూలైనా ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి, సులువైన భాషలో వివరణ ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. వినడానికి బాగుంది. కానీ అది విధానమే, చట్టం కాదు. పాటించకపోతే శిక్ష లేదు.

ఒకప్పుడు ముసాయిదా గెజిట్‌లో పడేది. గెజిట్ మన బస్తీకి ఎప్పుడొచ్చింది? ఇప్పుడు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, ఫోను మన జేబులోనే ఉంది. మరి మన మాట ఢిల్లీకి చేరడం సులువైందా? నా జవాబు ఇది: గుమ్మం దగ్గరికొచ్చింది గానీ గడప ఎత్తు తగ్గలేదు. ఆ గడప మనం దాటగలం, కానీ ఒక్కొక్కరుగా దాటలేం.

ముందు ఒక పాత సంగతి చెబుతాను. పర్యావరణ అనుమతులకు సంబంధించి 2006లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్యాక్టరీయో గనియో పెట్టేముందు ఆ ఊళ్లో బహిరంగ విచారణ జరపాలని అందులో ఉంది. పత్రికలు చేరని చోట జనానికి ఎలా తెలపాలో కూడా రాశారు: డప్పు కొట్టించి చెప్పండి అని. అంటే దండోరా. 21వ శతాబ్దపు ప్రభుత్వ నోటిఫికేషన్‌లో దండోరా ఉంది.

దండోరా ఎవరు వేసేవారో మనకు చెప్పక్కర్లేదు. ఊరి పెద్దలు తీర్మానం చేస్తే, దాన్ని మాదిగవాడలోని మనిషి డప్పు మీద వీధివీధికీ మోసేవాడు. తీర్మానం చేసేచోట అతనికి కూర్చునే హక్కు లేదు. రూలు మోసేది అతను, రాసేది వేరేవాళ్లు. ఇవాళ వెబ్‌సైట్‌లో పెట్టే ముసాయిదాలు చూస్తే నాకు ఆ దండోరానే గుర్తొస్తుంది. పైనుంచి కిందికి చాటింపు చక్కగా వస్తుంది. కిందినుంచి పైకి వెళ్లేది ఏదన్నదే ప్రశ్న.

బాబాసాహెబ్ జీవితంలో ఈ ప్రశ్న మొదటినుంచీ ఉంది. 1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు ఆయన సాక్ష్యం చెప్పినప్పుడు ఆయన వయసు 27 ఏళ్లు. ఎవరికి ఓటుండాలో తేల్చే కమిటీ అది. అంటరానివాళ్ల గురించి వేరేవాళ్లు చెబితే చాలదని, తానే రాసి ఇచ్చి, నోటితోనూ చెప్పాడు. 1928లో సైమన్ కమిషన్‌ను దేశమంతా బహిష్కరిస్తుంటే ఆయన పుణెలో దాని ముందు హాజరయ్యాడు. తిట్లు పడ్డాడు. మన మాట రికార్డులో లేకపోతే రేపు రూలు రాసేవాడికి మనం లేనట్టేనని ఆయనకు తెలుసు.

రైల్వేవాళ్లం కాబట్టి ఇంకోటి గుర్తుచేయాలి. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో ఆయన మాట్లాడాడు. మనవాళ్లను గ్యాంగ్‌మన్‌గానే ఎందుకు ఉంచుతున్నారు, పోర్టర్ పని కూడా ఎందుకివ్వరు అని అడిగాడు. పోర్టర్ చేత స్టేషన్ మాస్టర్ ఇంటిపని కూడా చేయించుకునేవాడు, అంటరానివాణ్ని ఇంట్లోకి రానివ్వడు, అందుకని ఆ ఉద్యోగం మనకు లేదు. ఏ రూల్ బుక్‌లోనూ ఇది రాసి లేదు. అనుభవించినవాడు చెబితేనే బయటికొస్తుంది. అనుభవించినవాడి మాట రూలు చేసేచోట ఎందుకుండాలి అంటే ఇందుకే.

నాలుగేళ్ల తర్వాత, 1942లో, ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యాడు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునే సమావేశాలకు అధ్యక్షత వహించాడు. ఆ పరంపరలోనిదే ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్. దాని 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. నాలుగు లేబర్ కోడ్‌లు 2019, 2020లలో పార్లమెంటులో ఆమోదం పొందాయి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ఇంత పెద్ద మార్పు జరుగుతుంటే ఆ సమావేశం మళ్లీ పిలవలేదు. దానికి బదులు ఏమిచ్చారు? 2020 జూలైలో, కోవిడ్ రోజుల్లో, వేతనాల కోడ్ ముసాయిదా రూల్స్ వెబ్‌సైట్‌లో పెట్టి 45 రోజుల్లో అభ్యంతరాలు పంపమన్నారు. వలస కూలీలు పట్టాల వెంట నడిచివెళ్లిన ఏడాది అది. బల్ల తీసేసి ఈమెయిల్ ఐడీ ఇచ్చారు. బల్ల దగ్గర కూర్చుంటే ఎదుటివాడు జవాబు చెప్పాలి. ఈమెయిల్‌కి జవాబు చెప్పాల్సిన పనిలేదు.

ఇక భాష. 2020లోనే పర్యావరణ నోటిఫికేషన్‌ను మార్చడానికి కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చింది. ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే. ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ పడింది. జూన్ 30న కోర్టు గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకీ 10 రోజుల్లో అనువదించాలని ఆదేశించింది. 22 భాషలు. అందులో తెలుగుంది, బంగ్లా ఉంది, ఒడియా ఉంది, ఈ ఊరి చుట్టూ ఉన్న సంతాల్ సోదరుల సంతాలీ ఉంది. కేంద్రం అనువాదం చేయించకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అధికార భాషల చట్టం ప్రకారం హిందీ, ఇంగ్లిష్ చాలని వాదించింది. లక్షల ఈమెయిళ్లు వెళ్లిన ఆ ముసాయిదా చివరికి తుది నోటిఫికేషన్ కాలేదు. కానీ భాష ప్రశ్న అలాగే మిగిలింది. గని పక్కన బతికేవాడికి అర్థంకాని భాషలో ముసాయిదా పెట్టి, అభ్యంతరం రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అంటే అది సంప్రదింపు ఎలా అవుతుంది?

సమాచార హక్కు చట్టం 2005లోనే చెప్పింది: సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో ఇవ్వాలని. అది నాలుగో సెక్షన్. ఖరగ్‌పూర్‌లో మన తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో వచ్చి వందేళ్లు దాటింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపునుంచి వచ్చారు. ఈ వర్క్‌షాపు కట్టిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. 1927లో ఇక్కడ సమ్మె జరిగింది, వి.వి. గిరి ఈ రైల్వే కార్మికుల మధ్యే పనిచేశాడు. రూలుతో పోట్లాడటం ఈ ఊరికి కొత్తకాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మంచిదే. ఆ హోదా బోర్డుల మీద ఆగిపోకూడదు. మన బతుకుల మీద వచ్చే ముసాయిదా కూడా తెలుగులో రావాలి.

యంత్ర అనువాదం ఉంది కదా అంటారు. 2022లో కేంద్రమే భాషిణి పేరుతో అనువాద వేదిక తెచ్చింది. సుప్రీంకోర్టు తీర్పుల అనువాదానికి యంత్రాన్ని వాడుతున్నారు. తీర్పులకు వీలైంది ముసాయిదాలకు ఎందుకు వీలుకాదు? 'ఖర్చు' అనే సాకు ఇక చెల్లదు. కానీ యంత్రం రాసింది మనిషి సరిచూడాలి. కోర్టులో 'లీవ్ గ్రాంటెడ్' అంటే అప్పీలుకు అనుమతి అని అర్థం. యంత్రం దాన్ని 'సెలవు మంజూరైంది' అని రాస్తే? మన రైల్వేవాళ్లు సంబరపడి టికెట్ కొనేస్తారు! నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, రూలులో ఒక్క మాట తప్పితే ఒకరి ఉద్యోగం పోతుంది.

తర్వాత ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. ఇప్పుడు పెరిగి ఉండవచ్చు. కానీ వీడియో చూడటం వేరు, 40 పేజీల ఇంగ్లిష్ పీడీఎఫ్ చదివి, ఏ క్లాజు మీద అభ్యంతరమో రాసి, లాగిన్ చేసి పంపడం వేరు. మన పిల్లలు రైల్వే ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో అప్లై చేయాలన్నా నెట్ సెంటర్‌కే పోతున్నారు. రాత్రంతా పట్టాల మీద పెట్రోలింగ్ చేసి వచ్చిన ట్రాక్‌మన్‌ని 30 రోజుల్లో ముసాయిదా చదివి పంపమంటే, రమ్మని పిలిచి తలుపేసినట్టే.

భయం సంగతి కూడా దాచొద్దు. 1966 రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమాల్లో ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం మీద ఆంక్షలున్నాయి. అభిప్రాయం అడిగింది ప్రభుత్వమే అయినా, పేరు రాసి పంపాలంటే మనవాళ్లకు చెయ్యి ఆగుతుంది. 2020లో పర్యావరణ ముసాయిదా మీద ఈమెయిళ్లు పంపించిన ఒక యువజన బృందం వెబ్‌సైట్‌ను ఆపించి, ఢిల్లీ పోలీసులు ఉపా చట్టం పేరెత్తి నోటీసిచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారు. కానీ భయం వెనక్కి పోలేదు.

ఇంతవరకు విని 'అయితే ఇదంతా దండగ' అనుకోకండి. మనకు సంబంధించిన రెండు సంగతులు చెబుతాను.

మొదటిది. 2023 డిసెంబరు చివర్లో యూజీసీ తన వెబ్‌సైట్‌లో రిజర్వేషన్ల అమలు మీద ముసాయిదా మార్గదర్శకాలు పెట్టింది. అభిప్రాయాలకు గడువు 2024 జనవరి 28. లోపల ఒక అధ్యాయంలో 'డీ-రిజర్వేషన్' గురించి ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అధ్యాపక పోస్టులు నిండకపోతే కొన్ని పరిస్థితుల్లో వాటిని జనరల్‌కి మార్చే దారి అది. గడువు ముగిసే వేళకు కొందరు చదివి బయటపెట్టారు. దేశమంతా గొడవైంది. చివరి రోజునే విద్యాశాఖ, ఒక్క రిజర్వుడు పోస్టు కూడా డీ-రిజర్వ్ కాదని ప్రకటించాల్సి వచ్చింది. ఎవరూ చదవకపోయుంటే? ఒక పీడీఎఫ్‌లో మన పిల్లల ఉద్యోగాలు పోయేవి, మనకు తెలిసేది కూడా కాదు.

రెండోది. రోహిత్ వేముల మన తెలుగు బిడ్డ. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనకు దూరమయ్యాడు. 2019 మేలో ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వీ. ఆ ఇద్దరు తల్లులు, రాధిక వేముల, ఆబెదా సలీం తడ్వీ, సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగా 2025 ఫిబ్రవరి 27న యూజీసీ కొత్త సమానత్వ నిబంధనల ముసాయిదా పెట్టింది. కుల వివక్ష నిర్వచనంలో ఓబీసీలు లేరు. 'తప్పుడు ఫిర్యాదు' చేస్తే జరిమానా అని ఉంది. అవమానపడ్డ పిల్లవాడు ఫిర్యాదుకు ముందే భయపడాలన్నమాట. విద్యార్థులు, సంఘాలు అభ్యంతరాలు రాశారు. కోర్టులో తల్లుల తరఫున వాదించారు. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఓబీసీలను చేర్చమంది. 2026 జనవరి 13న వచ్చిన తుది నిబంధనల్లో ఓబీసీలు చేరారు, తప్పుడు ఫిర్యాదు క్లాజు పోయింది. రాసిన మాట రూలును మార్చగలదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. పైకులాల వైపునుంచి పెద్ద గొడవ లేచింది. జనవరి 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, 2012 నిబంధనలే కొనసాగాలంది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అభిప్రాయాల పెట్టె ఒక్కటే ఏదీ గెలవదు. దాని వెనక కోర్టులో కేసు ఉండాలి, వీధిలో మనిషుండాలి, గెలిచినదాన్ని కాపాడుకునే సంఘం ఉండాలి.

ఈమెయిళ్ల సంఖ్యతోనే పని జరుగుతుందన్న భ్రమ కూడా వద్దు. 2015లో ఇంటర్నెట్ అందరికీ సమానంగా ఉండాలని ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ ఏడాది చివర్లో ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ కోసం తన వాడకందారుల చేత ఒకే అచ్చు సందేశాలు లక్షల్లో పంపించింది. అవి తాను అడిగిన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ చెప్పింది. 2016 ఫిబ్రవరిలో నిర్ణయం ఫ్రీ బేసిక్స్‌కి వ్యతిరేకంగా వచ్చింది. అంటే కాపీ పేస్టు చేసిన లక్ష కన్నా, 'నాకు ఇది జరిగింది, ఈ క్లాజు వల్ల ఇలా అవుతుంది' అని సొంతంగా రాసిన పది మాటలకు బరువెక్కువ.

ఇంకో ప్రమాదం ఉంది. 2025 జనవరి 3న డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ ముసాయిదా నియమాలు పెట్టి, అభిప్రాయాలు మైగవ్ పోర్టల్‌లో పంపమన్నారు. వచ్చిన అభిప్రాయాలను ఎవరికీ, ఏ దశలోనూ వెల్లడించబోమన్నారు. పేర్లు దాచడం సరే. కానీ మాటలే దాచేస్తే, కంపెనీలు ఏమడిగాయో, మనం ఏమడిగామో, ఎవరి మాట నెగ్గిందో ఎలా తెలుస్తుంది? పైగా ఆ డేటా చట్టమే సమాచార హక్కులోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది, వ్యక్తిగత సమాచారం అంటూ నిరాకరించే దారిని పెద్దది చేసింది. ఉపాధి హామీ మస్టర్లు, రేషన్ జాబితాలు అడిగి దొంగలెక్కలు పట్టుకునేది మన పేదలే కదా.

ఇప్పుడు మన ఊరి సంగతి. మనది రెండు గట్ల మధ్య బతుకు. పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో మాల, మాదిగ అనే పేర్లు లేవు. రాజ్యాంగం 341 ప్రకారం జాబితా రాష్ట్రానికో రకం. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన తెనాలిలో పుట్టిన ఎస్టీ విద్యార్థి, కుటుంబం బొంబాయి వెళ్లింది. అక్కడి మెడికల్ సీటుకు ఆంధ్ర హోదా పనికిరాదని తీర్పు. మన పిల్లలకూ అంతే. కేంద్ర ఉద్యోగానికి సొంత రాష్ట్రం కాగితం పనికొస్తుంది, ఈ రాష్ట్రం కోటాకు పనికిరాదు. అక్కడ ఎస్సీ వర్గీకరణ మీద తెలంగాణలో జస్టిస్ షమీమ్ అఖ్తర్ కమిషన్, ఆంధ్రలో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ జిల్లాలు తిరిగాయి. వర్గీకరణ మీద ఈ గదిలోనే రెండు అభిప్రాయాలున్నాయని నాకు తెలుసు, దాన్ని ఇప్పుడు ఎత్తను. నేననేది, ఏ కమిషనూ ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగలేదు. సొంత ఊరికి మనం దూరం, ఉన్న ఊరికి మనం పరాయి. అందుకే మనలాంటివాళ్లకు ఇంటర్నెట్ అక్కర్లేదని నేననను. మన మాట వెయ్యి కిలోమీటర్లు మోసేది అదొక్కటే.

కాబట్టి ఏం చేద్దాం? నాలుగు పనులు చెబుతాను, అన్నీ ఈ బస్తీలో చేయగలిగినవే.

ఒకటి. నెలకో ఆదివారం ముసాయిదా చదువు. హిజ్లీ విద్యార్థులకు చెబుతున్నాను, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సామాజిక న్యాయం, విద్య, కార్మిక, రైల్వే శాఖల వెబ్‌సైట్లు మీరు చూడండి. ఈ బస్తీలకూ మీ క్యాంపస్‌కూ మధ్య సైకిల్ దూరమే.

రెండు. చదివింది తెలుగులో పైకి చెప్పండి. తర్వాత మీరు ఊరుకోండి, పెద్దలను మాట్లాడనివ్వండి. నాయనమ్మ చెప్పింది ఫోన్లో రికార్డు చేసి, ఆమె ఒప్పుకున్నాకే రాయండి. ఏ క్లాజు, ఎవరికి ఏం జరుగుతుంది, దాని బదులు ఏముండాలి, ఈ మూడూ ఉండాలి.

మూడు. తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ పంపండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచండి. సర్వీసులో ఉన్నవాళ్లు భయపడితే సంఘం పేరుతో, ఇంట్లోవాళ్ల పేరుతో పంపవచ్చు.

నాలుగు. గడువు అయ్యాక పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎన్ని అభిప్రాయాలొచ్చాయి, ఏయే భాషల్లో, 2014 విధానం చెప్పిన సారాంశం ఎక్కడ? జవాబు రాకపోతే ఆ రాకపోవడం కూడా మన దగ్గర రికార్డే.

దీంతోపాటు ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. ముసాయిదా మన భాషలో రావాలి. కాగితం మీద రాసిందీ, నోటితో చెప్పిందీ తీసుకోవాలి. ఎవరిమీద రూలు పడుతుందో వాళ్ల మధ్యకొచ్చి విచారణ జరపాలి. ఏ మాట ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో, ఎందుకో రాసి పెట్టాలి. 2014 విధానాన్ని చట్టం చేయాలి.

మన తాతల డప్పు పైవాళ్ల మాటను ఊరంతా వినిపించింది. ఇకనుంచి మన మాటను పైకి వినిపించే పని మనం మొదలుపెడదాం. వచ్చే నెల మొదటి ఆదివారం, ఇదే హాల్లో, సాయంత్రం డ్యూటీ మారాక. ఎవరు ఏ ముసాయిదా తెస్తారో వెళ్లేముందు పేరు రాసి వెళ్లండి.

జై భీమ్.